ఆ ఒక్క గొంతునీ ఎక్కడ దాచారు?

సినిమా చూడడం మగవాళ్ల పని, వినడం మన పని. నవ్వకండి, ఒక్కసారి ఆలోచించండి. దూరదర్శన్‌లో వారానికో సినిమా వేసిన రోజుల నుంచీ హాల్లో కుర్చీ వాళ్లది, వంటింటి గుమ్మం మనది. హీరో కత్తి దూసినప్పుడు మనం పోపు వేస్తున్నాం, హీరోయిన్ ఏడ్చినప్పుడు అప్పడాలు వేయిస్తున్నాం. అయినా కథ ఎక్కడా తప్పిపోలేదు. చెవులతో పట్టుకున్నాం కాబట్టి. మా అమ్మ తరానికైతే అదీ లేదు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది గుర్తుందా? బొమ్మే లేని సినిమా! ఊరంతటికీ నాలుగు రేడియోలుంటే నాలుగిళ్ల అరుగులూ నిండిపోయేవిట. చూడని సినిమాల్లో డైలాగులు కూడా మా అమ్మ అప్పజెప్పేది.

అందుకని "సౌండ్ సంగతి మీ ఆడవాళ్లకేం తెలుస్తుందండీ" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈమధ్య అన్నది మావారి స్నేహితుడు. మంచి మనిషే. గోడ నిండా స్పీకర్లు పెట్టుకున్నాడు, సోఫా కింద కూడా ఒకటుంది. వాళ్లింట్లో భోజనానికి పిలిచి మాయాబజార్ రంగుల డిస్కు పెట్టాడు. "చూడండి వదినగారూ, మీ పాత సినిమా ఇప్పుడెలా మోగుతోందో" అన్నాడు. మోగుతోంది, నిజమే. మోగడం వేరు, పలకడం వేరు అని నేనంటే ఈ మాటన్నాడు.

అసలు విషయం చెబుతాను. పాత సినిమాని కొత్తగా అమ్మేవాళ్లు దాని అసలు శబ్దాన్ని తీసి పక్కన పడేస్తున్నారు. ఆ చోట తాము వండిన శబ్దం పెడుతున్నారు. పాతది కూడా ఇవ్వండి, మాకిష్టమైంది వింటాం అంటే వినిపించుకునేవాడు లేడు. ఇది సాంకేతిక విషయమనీ, మగవాళ్ల సరదా అనీ మనం వదిలేస్తే నష్టపోయేది మన ఇళ్లలో వాళ్లే.

మాయాబజార్‌నే తీసుకుంటాను. ఎందుకంటే అది అందరిళ్లలోనూ ఉంది, మా ఇంట్లో మూడు రకాలుగా ఉంది. విజయా వారు 1957 మార్చిలో విడుదల చేశారు. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు మాటలూ పాటలూ. సాలూరి రాజేశ్వరరావు మొదలుపెట్టిన సంగీతాన్ని ఘంటసాల పూర్తిచేశారు. మూడు గంటల నాలుగు నిమిషాల సినిమా. దాని శబ్దం మోనో. అంటే మాట, పాట, వీణ, ఘటోత్కచుడి నవ్వు, అన్నీ కలిసి ఒకే దారిలో వస్తాయి. ఫిల్ము అంచున బొమ్మల పక్కనే సన్నటి గీతలా ఆ శబ్దాన్ని అచ్చు వేస్తారు. దాని గుండా వెలుగు పోతుంటే మారే కాంతే మళ్లీ శబ్దమవుతుంది. హాల్లో అది తెర వెనక నుంచి వచ్చేది.

మోనో అనగానే "అయ్యో పాపం, అప్పట్లో అంతే కదా" అని జాలిపడతారు. ఆ జాలి దగ్గరే నాకు పేచీ. ఆ కాలం ఇంజనీర్లకు ఉన్నది ఒకటే దారి. ఆ దారిలో పై స్థాయి శబ్దాలు బాగా తగ్గిపోతాయని వాళ్లకు తెలుసు. అందుకే ఏది ముందు నడవాలో, ఏది వెనక తగ్గాలో క్షణక్షణం చేత్తో సరిచేసుకుంటూ కలిపారు. మాట వస్తుంటే వాద్యాలు పక్కకు తప్పుకుంటాయి, మాట ఆగగానే మళ్లీ వస్తాయి. చిన్న గిన్నెలో నలుగురికి సరిపడా వండడం ఎంత నేర్పో మనకొకరు చెప్పాలా? అది లోటు కాదు, పనితనం. మార్కస్ బార్‌ట్‌లే వెన్నెలని పొగడని వాళ్లు లేరు. ఆ వెన్నెల్లో పడవ పాటని మన చెవిదాకా తెచ్చిన సౌండు వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

సరే, పోల్చి చూద్దామని కూర్చున్నాను. బి.ఏ.లో మాకు పాఠాంతరాలని ఒక తద్దినం ఉండేది. ఒకే పద్యం నాలుగు తాళపత్ర ప్రతుల్లో నాలుగు రకాలుగా ఉంటే, ఏది కవి రాసిందో, ఏది లేఖకుడు దిద్దిందో తేల్చడం. వేమన పద్యాల కోసం సి.పి. బ్రౌన్ దొర ఊళ్లమ్మట ప్రతులు సేకరించి, పండితులకు జీతాలిచ్చి పోల్పించింది అందుకే. అప్పుడు విసుక్కునేదాన్ని కానీ ఇప్పుడు ఆ చదువే అక్కరకొచ్చింది. మా వంటింటి బల్ల మీద మూడు ప్రతులు: ఒక వీసీడీ, ఒక నలుపు తెలుపు డీవీడీ, ఒక రంగుల డిస్కు.

వీసీడీ అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఒక డిస్కులో గంటా పావు మించి పట్టదు కాబట్టి సినిమా మూడు ముక్కలు. బొమ్మ గళ్లుగళ్లుగా ఉంటుంది. కానీ శబ్దం? ఎవరూ దాని జోలికి పోలేదు. ప్రింటులో ఉన్నదున్నట్టు ఎక్కించేశారు. బహుశా బద్ధకం వల్లే అయ్యుండచ్చు, ఆ బద్ధకానికి నా నమస్కారాలు. సన్నగా సుయ్‌మని ఒక శబ్దం, అక్కడక్కడ చిటపట. దాని మీద ఎస్వీ రంగారావు గొంతు గచ్చు మీద పెట్టిన ఇత్తడి బిందెలా నిలబడి ఉంది.

డీవీడీలో చిటపటలు లేవు. బాగానే ఉందనుకున్నాను. కానీ పడవ పాట దగ్గర ఏదో తేడా. మా అమ్మాయి సంగీతం క్లాసు కోసం కొన్న ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తీసి, వీసీడీ పాటకొకసారి, డీవీడీ పాటకొకసారి కలిపి చూశాను. రెండూ ఒక శ్రుతిలో లేవు. ఇదేం మాయో తెలుసుకోవాలని మా అబ్బాయిని పట్టుకుంటే వాడు చెప్పాడు. సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు. పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. ఆ ఒక్క బొమ్మ తేడా సర్దడానికి సినిమానే కాస్త వేగంగా తిప్పేస్తారు. నూటికి నాలుగు వంతుల వేగం. మూడు గంటల నాలుగు నిమిషాల సినిమా రెండు గంటల యాభై ఏడు నిమిషాలవుతుంది. సరిచేసే జాగ్రత్త తీసుకోకపోతే గొంతులు కూడా అర శ్రుతికి కాస్త తక్కువగా పైకి పోతాయి. అంటే ఇన్నాళ్లూ ఇలాంటి డిస్కుల్లో మనం వింటున్న ఘంటసాల అసలు ఘంటసాల కంటే కొంచెం కుర్రవాడు, లీలమ్మ కొంచెం సన్నం! అట్ట మీద ఈ ముక్క ఎవరైనా రాశారా? పాలల్లో నీళ్లు కలిపే అతను కూడా మొహం చాటేస్తాడు, వీళ్లకి అదీ లేదు.

ఇక రంగుల ప్రతి. 2010 జనవరి 30న థియేటర్లలోకి వచ్చింది. మేమందరం వెళ్లాం, చప్పట్లు కొట్టాం. మా పిల్లలు మొదటిసారి సినిమా మొత్తం కదలకుండా చూసింది అప్పుడే. ఆ మేలు నేను మర్చిపోలేదు. మోనో శబ్దాన్ని డీటీఎస్ అనే బహుదారుల పద్ధతిలోకి మార్చామని ప్రకటనల్లో గొప్పగా చెప్పుకున్నారు. కొన్ని పాటలూ పద్యాలూ మాత్రం లేవు, నెగెటివ్ దెబ్బతిన్నదన్నారు. పోనీ, బొమ్మ దొరక్కపోతే వాళ్లేం చేస్తారు. నా గొడవ దొరికిన శబ్దం గురించి.

ఒక్కసారి కలిపేసిన శబ్దాన్ని మళ్లీ విడదీయడం సాంబారులోంచి ఉప్పు తీయడం లాంటిది. ముందు విడివిడిగా రికార్డు చేసుకున్న మాట, సంగీతం, చప్పుళ్లు మిగిలి ఉంటే సరే. లేనప్పుడు ఉన్న ఒక్క దారిని ఐదారు దారుల్లోకి పరచాలంటే రెండే ఉపాయాలు. ఉన్నదాన్నే యంత్రంతో సాగదీసి, ప్రతిధ్వని కలిపి చుట్టూ చల్లడం ఒకటి. కొత్త చప్పుళ్లు తయారుచేసి అతికించడం ఇంకొకటి. మొదటిది నీళ్లు పోయడం. రెండోదాన్ని మా తెలుగు మాస్టారు ప్రక్షిప్తం అనేవారు. కవి రాయని పద్యాన్ని ఎవడో రాసి మధ్యలో దూర్చడం.

"దానివల్ల ఏం పోయిందమ్మా?" అంటారు. చెబుతాను. పింగళివారి హాస్యం అక్షరాల్లో ఉంటుంది. అస్మదీయులు అనేది నిఘంటువులో ఉన్న మాట. అసమదీయులు అన్నది ఆ సినిమాలో పుట్టిన మాట. మధ్యలో ఒక్క అచ్చు కలవడమే చమత్కారం. ఆ మీదట తసమదీయులు. ఆ అక్షరం చుట్టూ ప్రతిధ్వని పూస్తే అసమకీ అస్మకీ తేడా కరిగిపోతుంది, హాస్యమూ కరిగిపోతుంది. గిల్పం, గింబళి చూడండి. తల్పం, కంబళి మీద కట్టిన మాటలవి. పదం మొదట్లో గకారం ఠంగుమని పడాలి. నా దగ్గరున్న రంగుల కాపీలో అల్లు రామలింగయ్య, వంగర తిప్పలు పడే ఆ ఘట్టంలో ముందు చప్పుడు మీద పడుతుంది, మాట దాని వెనక నక్కి వస్తుంది.

పెళ్లి పాట సంగతి ఇంకా అన్యాయం. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కదా. సావిత్రి మురిపెంగా పాడుతూ పాడుతూ ఆదమరిచి మగ దర్జాలోకి జారిపోతుంది. సుశీల గొంతు వచ్చే నోట్లోంచే ఘంటసాల గొంతు వస్తుంది. రెండు గొంతులు, ఒకే నోరు. ఆ నవ్వంతా అక్కడే ఉంది. మోనోలో రెండూ ఒకే చోటు నుంచి వస్తాయి కాబట్టి వేరే దారి లేదు, ఆ నోరు ఒక్కటే. మావారి స్నేహితుడి ఇంట్లో ఆ మగ గొంతు గది మొత్తం పరుచుకుంది. ఇంట్లోకి ఇంకెవరో వచ్చారనిపించింది నాకు. మాయ శశిరేఖ మాయం!

ఇప్పుడు మా అత్తయ్యగారి గురించి చెప్పాలి. డెబ్భై ఎనిమిదేళ్లు. కళ్లు బాగా తగ్గాయి, తెర మీద మనుషులు నీడల్లా కనిపిస్తారు. కాబట్టి ఆవిడకి సినిమా అంటే శబ్దమే. చెవులు కూడా వయసుకి తగ్గట్టే ఉన్నాయి. ఆ వయసులో ముందు పోయేవి పై స్థాయి శబ్దాలట. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి. అందుకే పెద్దవాళ్లు "వినపడుతోంది కానీ అర్థం కావట్లేదే" అంటారు. మనం అరుస్తాం. అరిస్తే అచ్చులే పెరుగుతాయి తప్ప హల్లులు పెరగవు.

నా దగ్గర మీటర్లూ గ్రాఫులూ లేవు. ఉన్న కొలమానం ఒక్కటే. ఒకే ఘట్టం పది నిమిషాలు పెట్టి, ఆవిడ "ఏమన్నాడే అమ్మాయ్?" అని ఎన్నిసార్లు అడిగారో క్యాలెండర్ వెనక గీతలు గీశాను. వీసీడీకి రెండు గీతలు. డీవీడీకి మూడు. రంగుల డిస్కుకి పదకొండు. పన్నెండోది పడలేదు ఎందుకంటే ఆవిడ అడగడం మానేసి కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకుంటే, "కట్టెయ్యమ్మా, తలనొప్పిగా ఉంది" అన్నారు. తనకి పెళ్లయిన కొత్తలో మావగారితో కలిసి ఎడ్లబండి కట్టుకుని వెళ్లి చూసిన సినిమా అది. ఆవిడకి మిగిలిన సరదా అదొక్కటే, అదీ తలనొప్పి చేసి పెట్టారు.

ఇందులో టీవీ పాత్ర కూడా ఉంది. ఐదు దారుల శబ్దంలో మాట ఎక్కువగా మధ్య స్పీకరుకి వస్తుంది. మన ఇళ్లలో టీవీకి మధ్య స్పీకరే లేదు, ఉన్న రెండూ గోడ వైపుకో నేల వైపుకో తిరిగి ఉంటాయి. ఐదింటినీ రెండింటిలోకి కుదించేటప్పుడు మాట స్థాయి తగ్గించి కలుపుతారు. దాంతో యుద్ధం వస్తే పక్కింటి వాళ్లు తలుపు తడతారు, మాట వస్తే మనం టీవీ దగ్గరికి జరుగుతాం. రిమోట్ పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చునేది ఎవరు? పప్పు చేతులతో మనమే. అంటే గది నిండా స్పీకర్లున్న పది ఇళ్ల కోసం కలిపిన శబ్దాన్ని, లేని వెయ్యి ఇళ్లకు అంటగడుతున్నారన్నమాట.

"పాతది అలాగే ఉంచితే ఈ కాలం పిల్లలు చూడరండీ" అనే వాదన ఒకటుంది. పూర్తిగా తప్పని అనను. రంగులు చూసే మా పిల్లలు కూర్చున్నారని నేనే చెప్పాను. కానీ నేనడిగేది కొత్తది తీసెయ్యమని కాదు, దాని పక్కన పాతది పెట్టమని. ఒక డీవీడీలో ఎనిమిది రకాల శబ్దాలు పెట్టుకునే చోటుంది. ఎనిమిది! మోనోకి పట్టే జాగా మిగతావాటి పక్కన లెక్కలోకే రాదు. చోటు లేక కాదు, డబ్బు లేక కాదు, పట్టింపు లేక.

బయటి దేశాల్లోనూ ఈ గొడవ జరిగింది. మాయాబజార్ తర్వాత ఏడాది, 1958లో, హిచ్‌కాక్ తీసిన వెర్టిగోని 1996లో బాగుచేశారు. అప్పుడు అడుగుల చప్పుడూ తుపాకీ చప్పుడూ లాంటివి కొత్తగా చేసి కలిపారు. ఇష్టపడి చూసేవాళ్లు ఊరుకోలేదు, ఇది మేమెరిగిన సినిమా కాదని తగువు పడ్డారు. తర్వాత తర్వాత వచ్చిన డిస్కుల్లో కొత్త శబ్దంతో పాటు పాత మోనో కూడా పెట్టారు. కావలసిన వాళ్లు కావలసింది నొక్కుకుంటారు. అంతే కదా! మన దేశంలోనే మొఘల్-ఎ-ఆజం 2004లో రంగుల్లో వచ్చినప్పుడు పాడిన గొంతులు పాతవే ఉంచి సంగీతాన్ని కొత్తగా వాయించి రికార్డు చేశారు. అప్పటికి నౌషాద్‌గారు ఉన్నారు, ఆయన చేయి పడింది. అయినా నాకు పాత రికార్డే కావాలంటాను, అది నా మొండితనం అనుకోండి. ఘంటసాల 1974లోనే పోయారు. పింగళివారు అంతకన్నా ముందే పోయారు. వాళ్ల పని మీద చేయి చేసుకునేటప్పుడు అడగడానికి మనిషే లేడు కాబట్టి ఇంకా ఎక్కువ భయం ఉండాలి. ఇక్కడ తక్కువ ఉంది.

చిటపటలు కూడా తీయకూడదా అంటారేమో. తీయండి. బియ్యంలో రాళ్లు ఏరద్దని ఎవరంటారు? కానీ తవుడు కూడా రాలిపోయేదాకా పాలిష్ పట్టి, తెల్లగా ఉన్నాయి కదా అని నాకు చూపించకండి. సుయ్‌మనే శబ్దాన్ని మరీ ఎక్కువ గీకితే దాంతో పాటు స, శ, త లాంటి హల్లుల అంచులు కూడా పోతాయి. ఊపిరి పోతుంది. పద్యం ఎత్తుకునే ముందు గాయకుడు పీల్చే గాలి కూడా పద్యంలో భాగమే. యతి దగ్గర ఆ చిన్న ఆగడం వినపడకపోతే ఛందస్సు చదువుకున్న దానికి నాకేం మిగిలింది?

ఇప్పుడు డిస్కుల కాలం కూడా పోయింది, ఫోన్లోనే అన్నీ. అక్కడ ఇంకా అధ్వాన్నం. ఎక్కించినవాడు ఏ ప్రతి ఎక్కించాడో చెప్పడు. ఒకే సినిమా నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంటుంది, ఒకచోట పాట లేదు, ఒకచోట శ్రుతి పెరిగింది, ఇంకోచోట గొంతు బావిలోంచి వస్తోంది. పాలప్యాకెట్ మీద వెన్న శాతం రాస్తారు, మందుసీసా మీద తారీకు రాస్తారు. సినిమా కింద "శబ్దం: అసలు మోనో" అనో "కొత్తగా మార్చినది" అనో ఒక్క ముక్క రాయడానికి ఏం కష్టం? ఈ సంగతే డిస్కు అట్ట మీదున్న చిరునామాకి రెండు ఉత్తరాలు రాశాను, తెలుగులోనే, అర్థమయ్యేలాగే. జవాబు లేదు. మూడోది మొన్న మంగళవారం పోస్టు చేశాను.

ఈలోపు మీరు చేయగలిగింది ఉంది. టీవీ సెట్టింగుల్లో సౌండ్ దగ్గర సరౌండ్ అని ఉంటే ఆపేయండి. స్టీరియో అనో పీసీఎం అనో ఉంటే అది పెట్టండి. డిస్కైతే రిమోట్ మీద ఆడియో బటన్ నొక్కి చూడండి, ఒక్కోసారి పాత శబ్దం రెండో నంబరులో దాక్కుని ఉంటుంది. పెద్దవాళ్లుంటే ఒక చిన్న స్పీకరు వాళ్ల కుర్చీ పక్కనే పెట్టండి. ఒకటి చాలు, ఐదు అక్కర్లేదు. మేం అదే చేశాం, పాత వీసీడీయే పెడుతున్నాం. ప్లేయరు మూత సరిగ్గా పడదు, దాని మీద ఊరగాయ జాడీ మూత బరువు పెట్టాల్సి వస్తోంది.

ఇంకో మాట. అటకలు దులిపేటప్పుడు పాత వీసీడీలూ క్యాసెట్లూ కిలోల లెక్కన అమ్మేయకండి. మీ దగ్గర మాయాబజార్, మిస్సమ్మ, పాతాళభైరవి ఏ ప్రతి ఉన్నా అట్ట మీద ఎన్ని నిమిషాలని రాశారో, నిజంగా ఎన్ని నిమిషాలు నడుస్తోందో, ఏ పాట లేదో చూసి నాకు రాయండి. శ్రుతిపెట్టె ఉన్నవాళ్లు పాట శ్రుతి కూడా చూడండి. నేను ఒక పాత పద్దుల పుస్తకంలో వరసగా రాసి పెడుతున్నాను. ఇప్పటికి మా వీధిలో ముగ్గురు, గుంటూరులో మా చెల్లెలు ఒకటి ఇచ్చారు.